బలం మందు

2022 వేసవి. మార్కాపురానికి దగ్గర్లోని ఒక మండలంలో పశువైద్యుడిగా చేస్తున్నాను. రెండు గదుల ఆసుపత్రి, బయట ఒక ట్రెవిస్, అంటే గేదె కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రం. నోరు లేని పేషెంట్లతో కష్టం కదా అని చాలామంది అడుగుతుంటారు. పశువులతో నాకు ఎప్పుడూ అంత కష్టం లేదు. వాటితో వచ్చే మనుషులకు చెప్పి చెప్పి సాయంత్రానికి గొంతు పోతుంది, అంతే.

ఆ రోజు పొద్దున్నుంచీ మేకలకు టీకాలు. ఒళ్లు హూనమైపోయి, ఒంటిగంటకు క్యారియర్ మూత తీయబోతుంటే దీనమ్మ వచ్చింది. పెద్దారవీడు వైపు కొండ అంచున ఉండే పల్లె ఆమెది. ఒంటరి మనిషి. ఆరు మేకలు కాచుకుని బతుకుతుంది. చెవులు దాదాపు వినపడవు. ఆటోలోంచి తన కుక్క జిమ్మీని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని దించింది. అది వెనక కాళ్లు ఈడుస్తోంది.

"కొండకు రానంటాంది నాయనా. ఇది లేకుంటే నేను పోలేను. మేక తప్పిపోయినా, ఎవురన్నా వచ్చినా నాకు ఇనపడదు గదా. దీని చెవులు జూసి తెలుసుకుంటా" అన్నది.

చేత్తో తడిమి చూశాను. తుంటి దగ్గర ఆర్థరైటిస్, కీలు అరిగి వాచిపోయే జబ్బు. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు. నొప్పికి మూడు రోజుల మందు ఇచ్చి, జాయింట్ సప్లిమెంట్ డబ్బా ఒకటి చేతిలో పెట్టాను. కంపెనీ వాళ్లు శాంపిల్‌గా ఇచ్చిపోయింది. గ్లూకోసమైన్ లాంటివి ఉంటాయి అందులో. జబ్బును నయం చేసే మందు కాదు, కీలుకు కాస్త తోడు. నెలా రెండు నెలలు వాడితే కొన్నిటికి మేలు కనిపిస్తుంది, కొన్నిటికి కనిపించదు. అసలు పని ఒళ్లు పెరగకుండా చూసుకోవడం, రోజూ కొంచెం కొంచెం నడిపించడం.

ఇదంతా చెప్పబోయాను. ఆమె చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని "ఏందీ?" అన్నది. మళ్లీ అరిచాను. మళ్లీ "ఏందీ?" నా ప్రాణం విసిగిపోయింది. అన్నం చల్లారిపోతోంది. చివరికి డబ్బా చూపించి, గొంతు చించుకుని ఒకే ఒక్క మాట అన్నాను.

"బలానికి!"

ఆ మాట వినపడింది. ముఖం వెలిగిపోయింది. "బలం మందా! అట్ల జెప్పు మరి" అని దండం పెట్టి వెళ్లిపోయింది. నేను కూర్చుని అన్నం తిన్నాను.

రెండున్నర నెలల తర్వాత మళ్లీ ఆటో వచ్చింది. ఈసారి జిమ్మీని దించడానికి ఆటో డ్రైవర్ కూడా ఒక చెయ్యి వేయాల్సి వచ్చింది. పొట్ట వేలాడుతోంది, వెన్నెముక వేలికి తగలట్లేదు. లేచి నిలబడడం కూడా దానివల్ల కావడం లేదు.

నాకు ఒళ్లు మండింది. "ఏం పెట్టినావు పెద్దమ్మా దీనికి?" అని దాని పొట్ట చూపించి అరిచాను.

"నువ్వు చెప్పినట్టే నాయనా. బలం మందు గదా, ఉత్త కడుపున పడితే వేడి జేస్తాది. అందుకే రెండు పూటలా పెరుగన్నం కలిపి పెట్టినా. కోడి పెట్టిన గుడ్డు నేను తినకుండా దానికే ఏసినా. బలం మందు తిన్నోళ్లు కష్టం జేయగూడదు గదా, మంచానికి కట్టేసినా, అడుగు తీసి అడుగు ఎయ్యనియ్యలా."

నాలుక కరుచుకున్నాను. ఇక్కడ ఇరవై ఏళ్లకు పైగా ఉన్నవాడిని. బాలింతకైనా, జ్వరం నుంచి లేచినవాడికైనా బలం మందు ఇచ్చారంటే బాగా తినాలి, మంచం దిగకూడదని ఈ ఊళ్లన్నిటికీ తెలుసు. నాకూ తెలుసు. ఆమె తప్పు ఒక్కటీ చేయలేదు. నేను చెప్పిన మాటను పొల్లు పోకుండా పాటించింది, తన నోటి దగ్గరి గుడ్డు కూడా దానికే పెట్టింది. సిగ్గుతో ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

ఆ రోజు కుర్చీ తీసుకెళ్లి ఆమె పక్కనే వేసుకుని, కాస్త వినపడే కుడి చెవి దగ్గర చెప్పాను. గుడ్డు నువ్వు తిను, పెరుగన్నం సగానికి తగ్గించు, పొద్దునా సాయంత్రం చర్చి దాకా నడిపించి తీసుకురా. ప్రతి మాటా ఆమె చేత తిరిగి చెప్పించాను. అరగంట పట్టింది.

"ఆకలేసి నా పక్క జూస్తే ఎట్ల నాయనా?" అన్నది.

"చూస్తుంది పెద్దమ్మా. ఓర్చుకోవాల" అన్నాను.

ఓర్చుకుంది. క్రిస్మస్ నాటికి జిమ్మీ ఒళ్లు తగ్గింది, తనంతట తాను లేచి నడిచింది. కొండ మాత్రం మళ్లీ ఎక్కలేదు. ఆ రెండున్నర నెలలు దాన్ని నడిపించి ఉంటే ఎక్కేదేమో, నేను చెప్పలేను. దీనమ్మ నాలుగు మేకలు అమ్మేసి, మిగిలిన రెండిటినీ ఊరి పక్క బీడులో మేపుకునేది. పక్కన జిమ్మీ కూర్చునేది.

పోయిన ఏడాది ఒక మేకకు పొట్ట ఉబ్బిందని తీసుకొచ్చింది. జిమ్మీ ఏదని సైగ చేశాను. "పోయింది నాయనా, మొన్న వానల్లో" అన్నది. మందు చీటీ రాస్తూ, అలవాటు కొద్దీ, ఉన్నచోటు నుంచే ఏదో చెప్పాను. నా పెదవులు కదలడం చూసి ఆమె చప్పున తన ఎడమ పక్కకు, కిందికి చూసింది. అక్కడ ఎవరూ లేరు.

పెన్ను పక్కన పెట్టాను. కుర్చీ ఎత్తుకుని పోయి ఆమె కుడి పక్కన వేసుకుని, మొదటి నుంచి మళ్లీ చెప్పాను.