వాసన వేరే పుస్తకంలో ఉంది

నాకు రెండు పుస్తకాలు రాసే అలవాటు. ఒకటి డైరీ. రాత్రి భోజనమయ్యాక ఇంట్లో రాస్తాను. ఎండా వానా, ఎవరు వచ్చి వెళ్ళారు, ఆదివారం ప్రసంగం ఏ వాక్యం మీద, మోకాలు ఎలా ఉంది, అవన్నీ అందులోకి వెళతాయి. రెండోది లాగ్ బుక్కు. అది ఉద్యోగం అంటించిన అలవాటు. మౌలాలిలో డీజిల్ ఇంజన్లను పరీక్షించే చోట ముప్పై ఆరేళ్ళు రీడింగులు రాశాను. చేరిన మొదటివారంలోనే అక్కడి పెద్దాయన ఒకరు నా పేజీ చూసి, లాగ్‌లో అంకె తప్ప మాట కనపడకూడదు, నీ అభిప్రాయాలు ఇంటికి పట్టుకుపో అన్నారు. పట్టుకుపోయాను. రిటైరయ్యాక కూడా ఒక పుస్తకంలోది ఇంకో పుస్తకంలోకి రానివ్వలేదు. అందుకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

కార్ఖానా అనే పేటలో ఒక మెకానిక్ ఉండేవాడు. నా స్కూటరు పాతికేళ్ళు అతని చేతుల్లోనే బతికింది. నన్ను సార్ అనేవాడు, నేను భాయ్ అనేవాణ్ణి. అతనికి మీటర్లతో పని లేదు. బండి స్టార్ట్ చేసి, సైలెన్సర్ వెనక గొంతుక్కూర్చుని రెండుసార్లు గాలి పీల్చి, లేచి కార్బ్యురేటర్ స్క్రూను పావు చుట్టు తిప్పేవాడు. మూడోసారి పీల్చడం నేనెప్పుడూ చూడలేదు.

కరోనా సోకినప్పుడు అతనికి వాసన తెలియడం పోయింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు నా స్కూటరు వెనక కూర్చుని మామూలుగానే రెండుసార్లు పీల్చి, లేవకుండా అలాగే ఉండిపోయి నాతో చెప్పాడు.

"ఇంట్ల పాలు మాడినా తెలుస్తలేదు సార్. ఎవ్వలకు చెప్పకుండ్రి. ముక్కు లేని మిస్త్రీ దగ్గరికి గిరాకీ వస్తదా?"

ఎలాగూ కార్బ్యురేటర్ బళ్ళు తగ్గిపోతున్నాయి. కొత్తవాటిలో పెట్రోలును కంప్యూటరే చిమ్ముతుంది, తిప్పడానికి స్క్రూ ఉండదు. అతని దుకాణం ముందు సగం స్థలం ఖాళీగా ఉండేది.

కిందటేడు వానలు తగ్గాక ఒక ఏటీవీ వచ్చింది. లావు టైర్లు నాలుగు, మధ్యలో మోటారు సైకిలు సీటు. ఊరి బయట బురదలో ఇలాంటి బళ్ళు తోలించే ఒకాయనది. చప్పుడు గంభీరంగా ఉండాలని ఆయన ఎక్కడో సైలెన్సరూ ఎయిర్ ఫిల్టరూ మార్పించాడు. అప్పట్నుంచి అది టపటపమంటూ ఆగిపోతోంది. పెట్రోలు మోతాదు మార్చే చిన్న పెట్టె, పొగలోని గాలిని కొలిచే సెన్సరు, దాని గేజు ఆయనే కొని తెచ్చాడు. ఇది దారికొస్తే మిగతా ఏడు బళ్ళ పనీ నీదే అని చెప్పి వెళ్ళాడు. భాయ్ నా దగ్గరికి వచ్చి, ఇది కుదిరితే దుకాణం ఉంటుంది, లేకపోతే షటర్ దించుడే అన్నాడు. ఆ పెట్టెలోని అంకెల పట్టిక చదవడం తనకు రాదన్నాడు. పట్టికలు నాకు వచ్చు.

విషయం కష్టమైనదేమీ కాదు. ఒక పాలు పెట్రోలు కాలడానికి పద్నాలుగున్నర పైచిలుకు పాళ్ళ గాలి కావాలి. బండి గట్టిగా లాగేటప్పుడు పదమూడు దగ్గర ఉంటే మంచిది. గేజులో అంకె పెరిగితే గాలి ఎక్కువైనట్టు, తగ్గితే పెట్రోలు ఎక్కువైనట్టు. పట్టికలో అడ్డంగా ఇంజను వేగం, నిలువుగా యాక్సిలరేటర్. ఏ గడిలో ఎంత వస్తోందో రాసుకుని, ఆ గడిలో పెట్రోలు పెంచడమో తగ్గించడమో చేయాలి. ఇదంతా చెప్పి, "ఇక మీ ముక్కు పని ఈ గేజు చేస్తుంది భాయ్" అన్నాను. అతను గేజును చేత్తో పట్టుకుని తిప్పి చూశాడు. చాలా రోజుల తర్వాత అతని ముఖంలో కాస్త తేట కనిపించింది.

దగ్గర్లో ఒక ఫంక్షన్ హాలు వెనక మట్టి మైదానం ఉంది. ఉదయం తొమ్మిది దాకా వాడుకోనిచ్చారు. అతను తోలేవాడు. నేను వెనక కూర్చుని, అతని భుజం మీదుగా గేజు చూస్తూ, తొడ మీద కట్టుకున్న లాగ్ బుక్కులో రాసేవాణ్ణి. మా ఇద్దరి వయసూ కలిపితే నూట నలభై దాటుతుంది. హాలు వాచ్‌మన్ మొదటి రోజే గేటు దగ్గర నిలబడి, "ఏం తాతా, బారాత్ షురూ అయిందా? పెండ్లి కొడుకెవరు మీ ఇద్దర్ల?" అన్నాడు. భాయ్ బండి ఆపకుండానే, వెనక కూర్చున్నాయనే, పిల్ల దొరుకుతలేదని బదులిచ్చాడు.

పట్టిక పై వరసలు తొందరగానే కుదిరాయి. కింది వరసలు, అంటే యాక్సిలరేటర్ కొంచెమే తిప్పినప్పటివి, కుదరలేదు. పదహారు దగ్గర ఉండేవి. పెట్రోలు పెంచాం. పదిహేనున్నరకు దిగి, మర్నాటికి మళ్ళీ పదహారు. మళ్ళీ పెంచాం. నేను గీతలు గీసి, తేదీ వేసి, ప్రతి గడినీ మూడుసార్లు చూసి సగటు రాశాను. అంత శుభ్రమైన లాగ్ ఉద్యోగంలో కూడా రాయలేదు.

ఆరో రోజున అతను ప్లగ్గు విప్పాడు. కొస మసిబట్టి నల్లగా ఉంది. దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు చూశాడు.

"సార్, ఇది పెట్రోల్ ఎక్కువ తాగుతున్నట్టుంది. నంబర్ ఏమంటుంది?"

"పదిహేను పాయింట్ ఎనిమిది. గాలే ఎక్కువ."

"పక్కానా?"

"మూడుసార్లు చూశాను భాయ్."

పాత మసి అయ్యుంటది అని తనకు తానే చెప్పుకుని, గుడ్డతో తుడిచి బిగించాడు. యాభై ఏళ్ళు ప్లగ్గులు చూసిన కన్ను అది. నా అంకె కోసం దాన్ని పక్కన పెట్టాడు.

ఇంట్లో మా ఆవిడ నా చొక్కాలు విడిగా నానబెట్టడం మొదలుపెట్టింది. ఈ వయసులో పెట్రోలు బంకులో పనికి కుదిరారా అని అడిగింది. సైలెన్సర్ సరిగ్గా నా సీటు పక్కనే ఉండేది. కళ్ళు మండేవి. డీజిల్ మధ్య బతికినవాణ్ణి, ఇలాంటి బండి వాసన ఇంతే కాబోలు అనుకున్నాను. అనుకున్నది అనుకున్నట్టు డైరీలో రాశాను.

పదకొండో రోజు మైదానం మూల మలుపులో ఇంజను లోపల్నుంచి టకటకమని చప్పుడు వచ్చింది. అతను వెంటనే ఆపేశాడు. ఆయిల్ పుల్ల తీసి చూస్తే ఆయిల్ గీత కంటే పైన ఉంది, నీళ్ళలా జారుతోంది. కాలని పెట్రోలు సిలిండరు గోడ మీద ఆయిల్ని కడిగేస్తూ కిందికి దిగి అందులో కలిసింది. అతను పుల్లను అలవాటుగా ముక్కు దగ్గరికి తీసుకెళ్ళి, సగంలో ఆగి, నాకు అందించాడు. పెట్రోలు వాసనే భాయ్ అన్నాను. ఆ పదకొండు రోజుల్లో ఆ మాట నేను నోటితో అనడం అదే మొదటిసారి.

మర్నాడు యజమాని లారీ పంపాడు. బండిని పైకి నెడుతున్నప్పుడు భాయ్ వంగి, ఇంజనుకూ కొత్త సైలెన్సరు పైపుకూ మధ్య ఉన్న అతుకు చూశాడు. దాని చుట్టూ సన్నగా నల్లటి గీత. లోపలి వాషరు కాలిపోయి సందు పడింది. పొగ ఒక్కో ఊపుకీ మధ్య ఆ సందు బయటి గాలిని లోపలికి లాక్కుంటుంది. ఆ గాలిని కూడా కలుపుకుని గేజు లెక్క చెబుతుంది. ఇంజనుకు పెట్రోలు తక్కువ కానే కాలేదు. అది అడగని పెట్రోలును మేం పదకొండు రోజులు పోశాం.

యజమాని అరవలేదు. తిట్టినా బాగుండేది. ఇంకో చోట ఇంజను విప్పితే పిస్టనూ బేరింగులూ పోయాయని తెలిసింది. వీధిలో ఆ మాట దాగదు కదా. ఉన్న కొద్దిమంది స్కూటర్లవాళ్ళూ తగ్గారు. క్రిస్మస్ లోపే అతను పానాలు అమ్మేసి దుకాణం ఖాళీ చేశాడు.

సంవత్సరం చివర డైరీ మొత్తం ఒకసారి చదువుకోవడం నా అలవాటు. అప్పుడు కనపడింది. పదకొండు రోజులూ, ఒక్కరోజు తప్పకుండా, నా రాతలోనే: పెట్రోలు వాసన. కళ్ళు మంట. లాగ్ బుక్కు తీసి పక్కన పెట్టుకున్నాను. అందులో ఆ మాట ఎక్కడా లేదు. అతనికి వాసన రాదని తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే.

డైరీ పట్టుకుని బన్సీలాల్‌పేట్‌లో అతని ఇంటికి వెళ్ళాను. అతని భార్య చాయ్ ఇచ్చి లోపలికి వెళ్ళింది. పదకొండు రోజులూ వరసగా చదివి వినిపించాను.

"గీ మాట ఆ బుక్కుల ఎందుకు రాయలే సార్?"

"అది అంకెల పుస్తకం భాయ్."

అతను తలూపాడు. కోపం వస్తుందని చూశాను, రాలేదు. కొంచెం ముందుకు వంగి, పని మాట్లాడే గొంతుతో అడిగాడు.

"అది పచ్చి పెట్రోల్ వాసననా, కాలిన వాసననా? మొదటి రోజు నుంచే ఉండెనా, తర్వాత పెరిగిందా?"

డైరీ తిరగేశాను. ప్రతి పేజీలో అవే రెండు మాటలు. కళ్ళు మూసుకుని మైదానం, సీటు, వాచ్‌మన్ నవ్వు గుర్తు తెచ్చుకున్నాను. వాసన గుర్తు రాలేదు. తెలియదు భాయ్ అన్నాను.

అతను నా చేతిలోంచి చాయ్ గ్లాసు తీసుకుని, చల్లారిపోయింది, ఇంకోటి పెట్టమంటా అని లేచాడు.