బూఅజ్జా బుడగ తూరుపుకు పరుగెత్తిన రోజు

మా తమ్ముడు బూఅజ్జా ముప్పయ్యొక్క ఏళ్లుగా చేసే పని ఒక్కటే. మా ఊరి పక్క వాతావరణ కేంద్రంలో రోజూ మధ్యాహ్నం తెల్లటి బుడగను ఆకాశంలోకి వదలడం. దానికి కట్టిన చిన్న పెట్టె పైగాలి సంగతులన్నీ కిందికి చెబుతుందట. వాడి పెళ్లిచూపుల్లో ఈ ఉద్యోగం సంగతి విని పిల్ల తల్లి నవ్వింది. ఆవిడతో నాకు ఈనాటికీ మాటల్లేవు.

రెండు కరువులు పోయాక నా ఇంట్లో మిగిలింది ఒక్క బస్తా బార్లీ విత్తనం. అదీ మట్టిలో మాడితే ఇక నా పొలం బీడే.

ఆ శరదృతువులో పక్క పొలం మీలూదీ మామ పాత సేద్యపు లెక్క వేళ్ల మీద వేసి, విత్తే రోజొచ్చిందన్నాడు. వాన కోసం ఆడవాళ్లం మా ఆనవాయితీ ప్రకారం కొయ్యగరిటెకు పెళ్లికూతురి ముస్తాబు చేసి, నా పట్టు రుమాలే కట్టి, ఇంటింటా నీళ్లు చల్లించుకుంటూ తిప్పాం. తెల్లారి జల్లు పడింది! ఊరంతా నాగళ్లు కట్టింది. నేనూ బస్తాను కంచరగాడిద మీదికెత్తాను. బూఅజ్జా వచ్చి పగ్గం పట్టుకున్నాడు.

"వద్దక్కా. నిన్నా బుడగ పడమటి సముద్రం వైపే పోయింది. పైన ఎండుగాలి తిష్ఠ వేసింది."

"తాత ఈ లెక్కతోనే విత్తాడురా. ఆయనకు బుడగల్లేవు, గాదెలు మాత్రం నిండేవి."

"తాతనాటి గాలి వేరు. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి లేచిన గాలి, తడంతా అక్కడే కురిసేసి, ఎండిపోయి మన దిక్కున దిగుతుంది. లోకంలోని పొగ వల్ల బొగ్గుపులుసు వాయువు పెరిగి వేడి ముదిరింది. గాలి దిగే చోటు ఉత్తరానికి పాకుతోంది. మన వానమబ్బులు మనకు ఉత్తరాన ఉన్న స్పెయిన్ దారి పడుతున్నాయి."

"స్పెయిన్ వాళ్లేం గరిటెకు పెళ్లి చేశార్రా, మన వాన వాళ్లకు పోడానికి?"

వాడు నవ్వాడు గానీ పగ్గం వదల్లేదు. గట్టు మీద నుంచి మీలూదీ అరిచాడు. "బుడగలవాడి మాట వింటే బుడగలే తింటావమ్మోయ్!"

గాలి లెక్కలు నాకు నమ్మకం కుదరలేదు. కానీ నా తమ్ముణ్ణి ఒకడు వెక్కిరించాక ఆ మాట నెగ్గనిస్తానా? బస్తా దింపేశాను.

ఊరి మొలకలు వేలెడు లేచాయి. ఆపైన నలభై రోజులు చుక్క లేదు. అన్నీ పసుపెక్కి మాడిపోయాయి. మీలూదీని నేనేమీ అనలేదు. బావి దగ్గర ఒక్కసారి అన్నానంతే.

నేను బడి మొహం చూసింది రెండేళ్లే. అయినా బుడగ ఎటు పోతోందో చూడ్డానికి పలకా బలపం ఎందుకు? రోజూ మధ్యాహ్నం మిద్దెక్కి చూసేదాన్ని. పడమటికి. మళ్లీ పడమటికి.

జనవరిలో ఒకనాడు లేచిన బుడగ ఒక్క క్షణం తచ్చాడి, తాడు తెంచుకున్న దూడలా తూరుపుకు పరుగు తీసింది! సముద్రపు గాలి! పొయ్యి మీది రొట్టె పొయ్యి మీదే వదిలేసి, బస్తాతో పొలానికి ఉరికాను.

బూఅజ్జా రొప్పుతూ వచ్చేసరికి సగం బస్తా చల్లేశాను.

"అక్కా, విత్తు! విత్తు! నీకెవరు చెప్పారే?"

"నీ బుడగేరా. నీకంటే దానికే కాళ్లెక్కువ."

మీలూదీ తన నాగలితో గట్టు దాటి వచ్చాడు. "చల్లిన దాని మీద మట్టి కప్పనా?"

"లెక్క చూసుకున్నావా, మామా?"

"బుడగను చూశాన్లే. కానివ్వు!"

పడమటి ఆకాశం నల్లబడింది. బూఅజ్జా పైకి చూసి గొణిగాడు. "వానదారి నిజంగానే ఉత్తరానికి జరిగిపోయిందక్కా. ఈ వాన ఏటా రాదు."

"వచ్చిన చుట్టానికి ముందు చోటివ్వరా. చల్లు!"

ఆఖరి గుప్పెడు బురదలోనే చల్లాను. ఖాళీ బస్తాను నెత్తిన కప్పుకుని, ముగ్గురం వానలో అరుస్తూ చివరి చాలు మూశాం.