మండుటెండల్లో మంచుజీవులను సాకిన సరోజమ్మ మేడం

మా గురువుగారు సరోజమ్మ మేడం కన్నుమూశారన్న వార్త విన్నప్పటి నుంచి నా బుద్ధి స్తంభించిపోయింది. అనంతపురంలోని మా కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం బోధించిన ఆమెకు నేను తొలుత శిష్యుణ్ణి, పిమ్మట సహోద్యోగిని.

గుమ్మఘట్టలో పుట్టిన మేడం యావజ్జీవితం అన్వేషించినవి అతిశీతలంలోనే వర్ధిల్లే బాక్టీరియా. "ఈ ఎండల సీమలో వాటితో ఏం పని మేడం?" అని ఒకసారి అడిగాను.

"కరువులో బక్కచిక్కిన బిడ్డలకు పాలు తాపితే అరగక కడుపు జారిపోతాండాది. పాలలోని చక్కెరను ఈ జీవుల ఎంజైము ముందే విడగొడతాది. అదీ ఫ్రిజ్జు చల్లదనంలోనే, పాలు చెడకుండా! ఇంగేం కావాలప్పా?" అన్నారు.

హిమాలయాల మంచు అంచున మట్టి తవ్వి తెచ్చి, ఏళ్ల తరబడి శోధించి, అటువంటి జీవిని సాధించారు. మేడంకే పాలు పడవు. దాని ఎంజైము కలిపిన పాలు గ్లాసెడు తాగి, సాయంత్రం దాకా కుర్చీలో కూర్చొని, "ఏమీ కాలేదప్పా!" అని పసిపిల్లలా నవ్విన ఆ ముఖం నేను మరువలేను.

రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన ఘోరక్షామంలో, నడివేసవిలో, కళాశాల ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి, ఆ జీవులను దాచిన ఫ్రీజర్ ఆగిపోయింది. బోర్లు ఎండి ఊళ్లో ఐసు ఫ్యాక్టరీ మూతపడింది. నేను గుత్తి నుంచి ఐసు దిమ్మ తెస్తే దారిలోనే నీళ్లయింది. తడిగోనెలు కప్పిన ఫ్రీజర్‌ను రెండు చేతులా పట్టుకొని, "యాడైనా ఇంకో దిమ్మ చూడప్పా! చచ్చిపోతాండాయి!" అని మేడం పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కరెంటు వచ్చాక ఎన్ని పాత్రల్లో విత్తినా ఒక్క జీవీ తిరిగి మొలకెత్తలేదు.

అప్పటికే ఆమె గుండె బలహీనం. డాక్టరు వద్దన్నా మళ్లీ హిమాలయాలకు ప్రయాణమయ్యారు. నేను అడ్డుపడితే, "ఆ జీవి ఆడ ఉండాది. నేను ఈడ కూర్చొని ఏం చేసేది?" అన్నారు. మట్టితోపాటు ఆయాసాన్నీ తెచ్చుకున్నారు. ఆ మట్టిలో దాని సోదరజీవులు దొరికాయిగాని, పాల చక్కెరను విడగొట్టే ఆ శక్తి దేనికీ లేదు.

ఆఖరిసారి ఆసుపత్రిలో నా చేయి పట్టుకొని, "ఆ పాతవి ఏమన్నా మొలిచినాయా?" అని అడిగారు. అబద్ధమాడలేకపోయాను. "లేదు మేడం" అన్నాను. ఆమె గోడవైపు తిరిగి పడుకున్నారు. మర్నాడు ఉదయానికి లేరు.

ఆ హిమసీమలో ఏ రాతి పక్కన తవ్వాలో గుర్తించే చూపు ఆమెతోనే అస్తమించింది. అమ్మా, మీ పాదాలకు ప్రణమిల్లుతున్నాను. రేపు ప్రయోగశాల తలుపు తెరిచి ఏం చేయాలో మాత్రం నాకు తోచడం లేదు.