తుడిచిన గొట్టం

ఆ టిష్యూ కాగితం గుర్తొస్తే ఇప్పటికీ నాకు తల కొట్టేసినట్టవుతుంది.

ఫీనిక్స్ నుంచి గ్రాండ్ కాన్యన్ వెళ్లే బస్సులో నా పక్క సీటు పెద్దాయనది ఉరుగ్వే. "బ్రెజిల్‌కీ అర్జెంటీనాకీ మధ్య చిన్న దేశం మాది. గొడవల్లేవు. మనుషులకన్నా ఆవులే ఎక్కువ," అని నవ్వారు.

ఎండిన సొరబుర్రలో ఏదో ఆకు వేసి, ఫ్లాస్కులోని వేడినీళ్లు పోసి, స్టీలు గొట్టంతో తాగారు. మళ్లీ నీళ్లు పోసి నాకిచ్చారు. "తాగి చూడు. మా దేశంలో అందరం ఒకే గొట్టంతో తాగుతాం."

ఎంగిలి కాకుండా గ్లాసు ఎత్తి తాగడం నేర్చినవాణ్ణి. గొట్టాన్ని ఎత్తి తాగలేను కదా! ఆయన చూస్తుండగానే టిష్యూతో తుడిచి తాగాను. ఆయన మొహంలో నవ్వు ఆగిపోయింది.

ఖాళీ చేసి ఇచ్చాను. ఆయన మళ్లీ నీళ్లు పోసుకుని, తుడవకుండానే నా ఎంగిలి తాగారు.