వరసలో నా హండా

మా బిల్డింగులో పొద్దున్నే వరండా తుడుస్తారు. ఆ ఫినాయిల్ వాసన లోపలికి రాగానే చేతిలో పని వదిలేసి వెళ్ళి తలుపు బార్లా తెరుస్తాను. వాసనొస్తే ఎవరైనా తలుపు మూస్తారు గానీ తెరుస్తారా అని మా కోడలు మరాఠీలో విసుక్కుంటుంది. ఆమె విసుగు న్యాయమే. కానీ ఆ వాసన తగిలితే నేను మళ్ళీ కామాటిపురలో, వరస గదుల మా చాల్ గ్యాలరీలో ఉంటాను. పక్క గది సత్తెమ్మవ్వ ఎక్కడ కేకేస్తుందోనని భయం.

ఎనభైల చివరి రోజులవి. పెళ్ళయి పాలమూరు నుంచి వచ్చిన నాకు బొంబాయి బస్సుల నంబర్లు కూడా ఇంకా పట్టుబడలేదు. మా ఆయన నర్సింలు తాపీమేస్త్రీ. మా పక్క ఖోలీలో సత్తెమ్మవ్వ ఒక్కతే ఉండేది. ఆ సందుల్లోనే పుట్టి, మోకాళ్ళు మొరాయించేదాకా సిమెంటు తట్టలు మోసిన మనిషి. ఇక ఆమెకు మిగిలిన పనల్లా గ్యాలరీ చివర నల్లా దగ్గర పీట వేసుకుని కూర్చోవడం. మా అంతస్తు మొత్తానికి అదొక్కటే నల్లా. ఎవరి హండా వాళ్ళు వరసలో పెట్టి ఇళ్ళలోకి వెళ్ళిపోయేవాళ్ళం. మనిషి లేకపోయినా హండా ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క. ఒకరి హండా ఇంకొకరు జరిపారంటే మెడపట్టి గెంటినంత పని. దానికి జుట్లు పట్టుకున్న ఆడవాళ్ళను నేనెరుగుదును.

ఆ వానాకాలం మా ఆయనకు జ్వరం పట్టుకుంది. దగ్గు, సాయంత్రమైతే ఒళ్ళు కాలడం, చొక్కాలన్నీ వదులైపోవడం. నాగ్‌పాడాలో చూపించుకున్న డాక్టరు పెద్దాసుపత్రికి పంపితే అక్కడ ఛాతీ ఫోటో తీశారు, కఫం అడిగారు, రక్తం కూడా తీసుకున్నారు. రక్తం దేనికో చెప్పలేదు. అప్పుడు ఎక్కడ చూసినా ఎయిడ్స్ మాటే. మావాళ్ళు ఆ పేరు పలకడానికి కూడా జంకి 'ఆ బీమారి' అనేవాళ్ళు. పక్క గల్లీల్లో ఒళ్ళమ్ముకునే ఆడవాళ్ళు ఉండడంతో మా సందుల పేరు దానితో ముడిపడిపోయింది. పనిచోట ఎక్కడుంటారని అడిగితే కామాటిపుర అనకుండా గ్రాంట్ రోడ్ అని చెప్పి మాట మార్చేవాళ్ళం. ఆయనకు రక్తం తీశారన్న కబురు మేము ఇల్లు చేరేలోపే చాల్ అంతా పాకింది.

మర్నాడు నీళ్ళకు వెళ్తే వరసలో నా హండా లేదు. మెట్ల పక్కన ఒంటరిగా ఉంది. నల్లాను, కింది బండను ఎవరో ఫినాయిల్ పోసి కడిగారు. ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది, నాలుగు తిరిగి అనేదాన్ని. ఖాళీ హండాతో వచ్చి తలుపు మూసుకున్నాను. మా చాల్‌లో పగటిపూట ఎవరూ తలుపు మూయరు. ఆయన గోడవైపు తిరిగి పడుకుని, జవాబు అదే అయితే నువ్వు మీ ఊరికి వెళ్ళిపో, నా సంగతి నేను చూసుకుంటాను అన్నాడు. ఎలా చూసుకుంటాడో నాకు అర్థమైంది. ఆయన పక్క నుంచి కదలకుండా కూర్చున్నాను.

కాసేపటికి తలుపు దడదడ మోగింది.

"తలుపెందుకు ఏసుకున్నవ్ బిడ్డా? ఇంట్ల పీనుగేమన్న లేచిందా?"

తెరిచి బావురుమన్నాను. ఏమీ కాదులే అని సత్తెమ్మవ్వ అనలేదు. చేటలో చింతపండు తెచ్చి గడపలో పెట్టి, నాకు కళ్ళు కనబడవు, గింజలు తియ్యి అంది. ఆయనను చూసి, జవాబు వచ్చాక ఏడువు, ముందు లేచి చాయ్ తాగు అని గదమాయించింది. ఆ రోజు నుంచి ఆమె మధ్యాహ్నాలన్నీ మా గడపలోనే. నేను బయటికి వెళ్ళాల్సి వస్తే వచ్చేదాకా కదిలేది కాదు. ఆయనను ఒంటరిగా వదలకూడదని నేను చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఇక నల్లా దగ్గర. పెద్దదని మొదటి వంతు ఎప్పుడూ ఆమెదే. మరుసటి పొద్దున తన హండాకు ముందు నా హండా పెట్టి నన్ను నీళ్ళు పట్టుకోమంది.  వెనక ఉన్నవాళ్ళను ఆమె దులిపేస్తుందని ఆశపడ్డాను. ఊహూఁ. ఎందుకు తిట్టలేదని ఉడుక్కుంటూ అడిగితే చెప్పింది:

"వాళ్ళనేమంటం బిడ్డా. అందరి మొగోళ్ళు ఈ సందులల్లనే తిరుగుతరు. ఎవరికి వాళ్ళు లోపట సస్తున్నరు. నీ హండా జరిపితే వాళ్ళ డర్ గూడ జరుగుతదనుకున్నరు."

నిజమే. కొద్దిరోజులకు ఒక్కొక్కరే గింజలు తీసే వంకతో మా గడపకు చేరి, గొంతు తగ్గించి ఆమెను ఆ బీమారి గురించే అడగసాగారు. తనకూ తెలియదని అవ్వ ఒప్పుకుని, దవాఖానా నుంచి ఒక నర్సమ్మను గ్యాలరీకి పిలుచుకొచ్చింది. ఆ నర్సమ్మ మరాఠీలో చెప్పింది: నల్లాతో రాదు, హండాతో రాదు, ముట్టుకుంటే రాదు. ప్రతి మాటనూ అవ్వ తెలుగులో రెండింతలు చేసి చెప్పింది. దోమ కుడితే, ఒకే తువ్వాలు వాడితే అంటూ అడగడం మొదలెట్టాక ఆడవాళ్ళకు నోళ్ళు ఆగలేదు. చివరికి నవ్వులు కూడా వినిపించాయి. తర్వాత నల్లా దగ్గర ఫినాయిల్ వాసన రాలేదు.

జవాబు వచ్చింది. రక్తంలో ఏమీ లేదు. టీబీ. మందులు మానకుండా వాడితే నయమవుతుందన్నారు. ఆయన ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు మాత్రం ఆకలేసింది, ఎన్నాళ్ళకో వేసిన ఆకలి. మేము వచ్చేసరికి గ్యాలరీ నిండా జనం. టీబీ అట అని నేననగానే "టీబీయేనా" అని ఊపిరి పీల్చుకున్నారు. మా వాళ్ళకు టీబీ చుట్టంలాగా తెలిసినదే. ఒకామె ఆయన నోట్లో చక్కెర పోసింది, అందరూ మీదపడి పలకరించారు. అవ్వ నెత్తి కొట్టుకుంది.

"దగ్గుతాండు, దూరం జరుగుండ్రే. జరగొద్దన్ననాడు జరిగిండ్రు, జరగాల్సిననాడు జరగరు."

ఆ మాటకు మా ఆయనే అందరికంటే గట్టిగా నవ్వాడు. గాలి ఆడాలని నర్సమ్మ చెప్పడంతో మా తలుపు పూర్తిగా తెరుచుకుంది.

ఆ సంబరంలోనే అవ్వను పక్కకు పిలిచి అడిగాను, రక్తంలో ఉండి ఉంటే ఏం చేసేదానివని. వెర్రిదాన్ని చూసినట్టు చూసింది.

"ఏం జేస్తుంటి? రేపు గూడ నీ హండనే ముంగట పెడ్తుంటి."

కొన్నేళ్ళకు మా అంతస్తులోనే ఒక ఇంటికి, రక్తంలో ఉందన్న ఆ రెండో జవాబు వచ్చింది. అప్పటికి సత్తెమ్మవ్వ లేదు. పొద్దున నల్లా దగ్గరికి వెళ్తే ఫినాయిల్ వాసన, మెట్ల పక్కన ఒక హండా. అన్నీ తెలిసి కూడా నా గుండె ఒక్కసారి ఝల్లుమంది. ఆ హండాను ఎత్తుకొచ్చి నా హండాకు ముందు పెట్టాను. తర్వాత గ్యాలరీ వెంట నడిచి, మూసి ఉన్న ఒక తలుపు మీద దడదడ కొట్టాను.

"తలుపెందుకు ఏసుకున్నవ్ బిడ్డా?"