భద్రయ్య దవడ, నేను తీసిన పన్ను

కరోనా నెమ్మదించి జనం మాస్కులు తీసి జేబుల్లో పెట్టుకోవడం మొదలైన ఏడాది అది. దమ్మపేటలో నేను డెంటల్ క్లినిక్ తెరిచి అప్పటికి ఆరేళ్ళు. మాది కల్లూరు. చదువు అయ్యాక ఇక్కడ దంతవైద్యులు తక్కువని తెలిసి వచ్చాను. ఒకే ఒక డెంటల్ చైర్, చిన్న ఎక్స్‌రే మిషను, ముందు గదిలో ఆరు ప్లాస్టిక్ కుర్చీలు. ఊరి చుట్టూ పామాయిల్ తోటలు, అవి దాటితే అడవి అంచు పల్లెలు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ఆ తోటల్లో పనిచేసేవాళ్ళే.

భద్రయ్య వాళ్ళలో ఒకడు. నలభై ఏళ్ళుంటాయి. అడవి దగ్గరి పల్లె నుంచి వచ్చి తోటల్లో గెలలు కోస్తాడు. మొదటిసారి వచ్చిన రోజు సంత. గది నిండా జనం. కుర్చీలో కూర్చోగానే కుడి దవడ మీద అరచెయ్యి పెట్టి చూపించాడు.

"గీ వెనక పన్ను మేడం. చెవి దాక గుంజుతాంది. తల గూడ నొస్తాంది. పీకెయ్యండి."

కింది వరసలో చివరి నుంచి రెండో పన్ను. పైన చిన్న పుచ్చు ఉంది. తట్టి చూస్తే "అవ్, అదే" అన్నాడు. ఎక్స్‌రేలో వేరు కింద ఏ మచ్చా లేదు. పన్ను లోపలి నరం ఎలా ఉందో చల్లటి దూది ఆనించి చూసే ఒక చిన్న పరీక్ష ఉంటుంది. రెండు నిమిషాల పని. ఆ రోజు చెయ్యలేదు. పుచ్చు ఉంది, నొప్పి ఉంది, పీకమని ఆయనే అంటున్నాడు. బయట పదిమంది ఎదురుచూస్తున్నారు. మత్తు ఇచ్చి పన్ను తీసేశాను. బయటికి వచ్చిన పన్నును పట్టుకుని చూస్తే వేర్లు శుభ్రంగా ఉన్నాయి. మనసులో ఏదో కలుక్కుమంది కానీ ట్రేలో పడేసి తర్వాతి మనిషిని పిలిచాను.

మూడు వారాలకు మళ్ళీ వచ్చాడు.

"నొప్పి పోలే మేడం. పక్క పన్ను గూడ చెడిపోయినట్టుంది. దాన్ని గూడ తియ్యండి."

పక్క పన్నులో గీత కూడా లేదు. అప్పుడు ఆగాను. ముందే చెయ్యాల్సిన పని అప్పుడు చేశాను. రెండు చెవుల ముందు వేళ్ళు పెట్టి, మెల్లగా నోరు తెరిచి మూయమన్నాను. ఆయన కుడి చెవి ముందున్న వేలి కింద 'టక్' మంది. తెరిచేటప్పుడు గడ్డం నేరుగా కిందికి రాకుండా కుడివైపు జారి, మళ్ళీ మధ్యకు వస్తోంది.

చెవికి కాస్త ముందు కదిలే ఆ కీలును మేము టీఎంజే అంటాం. కింది దవడ ఎముక తల వెళ్ళి పుర్రెలో ఆనే చోటు అది. మధ్యలో మెత్తటి బిళ్ళ లాంటి డిస్క్ ఉంటుంది. అది కొంచెం పక్కకు జరిగితే నోరు తెరిచేటప్పుడు శబ్దం వస్తుంది. ముందుకు జారి అడ్డం పడితే నోరు తెరుచుకోదు. దాన్నే లాక్ అంటాం. ఆ కీలు చుట్టూ ఉన్న కండరాలు అలిసిపోయినప్పుడు పుట్టే నొప్పి తరచు పళ్ళలోనో చెవిలోనో ఉన్నట్టు అనిపిస్తుంది. చెవి, తల అని ఆయన మొదటి రోజే చెప్పాడు. విన్నది నా చెవులు మాత్రమే.

"ఇది పన్ను నొప్పి కాదన్నా. కీలు నొప్పి" అన్నాను.

ఆయన అడిగాడు. "మరి ఆ పన్ను?"

"దానికీ పుచ్చుంది కదా."

అబద్ధం కాదు. నిజమూ కాదు. ఆయన తల ఊపాడు. నేను కాగితం మీదికి చూపు దించుకున్నాను.

రాత్రిళ్ళు పళ్ళు కరుచుకోకుండా పెట్టుకునే నైట్ గార్డ్ చేయించి ఇచ్చాను. పైపళ్ళకు తొడిగే పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగు అది. పది రోజులకు దాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు. వెంట భార్య ముత్తమ్మ వచ్చింది.

"ఇది పెట్టుకుంటే దమ్ము ఆడ్తలేదు మేడం. నిద్రల పీకి పారేస్తాన."

"నోట్లో పెట్టుకునేదానికి ఊపిరికి ఏం సంబంధం? ముక్కుతో పీల్చుకో" అన్నాను కొంచెం విసుగ్గానే.

ముత్తమ్మ నన్ను వింతగా చూసింది. "ముక్కుతోనా? పెండ్లైన కాడ్నుంచి ఈయన ముక్కుతోని గాలి పీల్చంగ నేనెన్నడు చూడలే. నోరు తెరుసుకొనే పంటడు, నోరు తెరుసుకొనే నడుస్తడు. పొద్దున లేస్తే నాలుక కట్టె లెక్క ఎండిపోతది."

పళ్ళు చూసే చిన్న అద్దాన్ని ఆయన ముక్కు కింద పెట్టాను. పెదాలు మూసి గాలి వదలమన్నాను. ఎడమ రంధ్రం కింద అద్దం మీద పలచగా ఆవిరి పట్టింది. కుడివైపు అద్దం పొడిగానే ఉంది. గుక్కెడు నీళ్ళు నోట్లో పట్టుకుని కూర్చోమంటే అర నిమిషం కాకుండానే సింకులో ఉమ్మేసి ఎగపోశాడు. మూడుసార్లు నా కుర్చీలో పడుకున్న మనిషి. ఆయన ఎలా ఊపిరి తీస్తున్నాడో నేను ఒక్కసారీ చూడలేదు.

అప్పుడు ఆయన్ను లేపి గోడ పక్కన నిలబెట్టి చూశాను. వీపు గోడకు ఆనింది కానీ తల ఆనలేదు. మెడ ముందుకు చాచి, గడ్డం ఎత్తి నిలబడటం ఆయనకు అలవాటైపోయింది. ముక్కు మూసుకుపోయిన మనిషి గాలి దారి తెరవడానికి తెలియకుండానే తలను అలా పెట్టుకుంటాడు. నోరు తెరిచి ఉంటే నాలుక అంగిలిని వదిలి కిందికి జారుతుంది. దవడ వేలాడుతుంది. వేలాడే దవడను, ముందుకు వచ్చిన తలను మోయడానికి మెడ వెనక కండరాలు, దవడ కండరాలు రోజంతా పనిచేస్తూనే ఉంటాయి. దీనివల్లే కీలు చెడుతుందని అందరు నిపుణులూ ఒప్పుకోరు. నేనూ ఖాయంగా చెప్పలేను. కానీ ఈ మనిషి విషయంలో ముక్కును వదిలి దవడ ఒక్కదానికే వైద్యం చెయ్యడం కుదరదని మాత్రం అర్థమైంది.

ఖమ్మంలో ఈఎన్‌టీ డాక్టరుకు చీటీ రాసిచ్చాను. భద్రయ్య దాన్ని జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళలేదు.

వానలు పడి గెలలు జోరుగా వచ్చే రోజుల్లో ఒక ఉదయం ముత్తమ్మ ఆయన్ను ఆటోలో తీసుకొచ్చింది. నోరు పట్టేసింది. పళ్ళ మధ్య ఒక వేలు పట్టేంత సందు మాత్రమే ఉంది. రెండు రోజులుగా జావ తప్ప ఏమీ దిగలేదట. మాట కూడా పళ్ళ సందులోంచి వస్తోంది. వేడి కాపడం పెట్టి, కండరాలు సడలడానికి ఇంజెక్షన్ ఇచ్చి కూర్చోబెట్టాను. తర్వాత బొటనవేలికి గాజుగుడ్డ చుట్టి, ఆ సందులోంచే కింది దవడపళ్ళ మీదికి తోసి, కిందికి, తర్వాత ముందుకు నెమ్మదిగా నొక్కాను. మొదటిసారి కదల్లేదు. రెండోసారి కూడా కదల్లేదు. ఆయన చేతులు కుర్చీ పిడికి బిగుసుకున్నాయి. మూడోసారి లోపల ఏదో దొర్లినట్టయి నోరు తెరుచుకుంది. భద్రయ్య కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. ముత్తమ్మ కొంగుతో ఆయన మొహం తుడిచింది.

"మళ్ళ పట్టేస్తదా మేడం?" అని అడిగింది.

వారం తిరగకుండానే మళ్ళీ సగం పట్టేసింది.

ఆ ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక ఇంటికి పోకుండా స్కూటీ మీద ఆయన పనిచేసే తోటకు వెళ్ళాను. అప్పటిదాకా పామాయిల్ తోటల పక్కనుంచి కొన్ని వందలసార్లు పోయి ఉంటాను. కోత మాత్రం ఎప్పుడూ నిలబడి చూడలేదు. పొడవాటి గెడ చివర కొడవలి బిగించి, చెట్టు మొదట్లో నిలబడి, తల పూర్తిగా వెనక్కి వాల్చి, మట్టల మధ్య గెల పండిందో లేదో చూస్తున్నాడు. నోరు బార్లా తెరిచి ఉంది. మట్ట కోసి, గెల కోసి, అది పడగానే పక్క చెట్టుకు పోయి మళ్ళీ అదే వాలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంతే. నేను కూడా తల వెనక్కి వాల్చి పైకి చూశాను. నా నోరు దానంతటదే తెరుచుకుంది. ముక్కుతో పీల్చగలను కాబట్టి మూసుకోగలిగాను. ఆయనకు ఆ వీలు లేదు.

ముత్తమ్మ చెట్ల కింద రాలిన పండ్లు ఏరుతోంది. భద్రయ్య గెడ దించి నా దగ్గరికి వచ్చాడు. పైకి చూడటం, నోటితో గాలి, మెడ, దవడ అన్నీ వివరించి, ముందు ముక్కు చూపించుకోమని చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"మొదలు పన్ను అంటిరి. ఎనక కీలు అంటిరి. ఇప్పుడు ముక్కు అంటాన్రు. రేపు ఏందంటరో?"

ఆ పన్ను సంగతి నిజం చెప్పకపోతే ఈయన నన్ను నమ్మి ఖమ్మం వెళ్ళడు. చెబితే ఇక నా దగ్గరికే రాడు. రెండూ తెలుస్తూనే ఉన్నాయి.

"అన్నా, ఆ పన్ను తీయాల్సింది కాదు. పుచ్చు చిన్నది. ఫిల్లింగ్ చేస్తే సరిపోయేది. నొప్పి దానిది కాదు. నేను సరిగ్గా చూడకుండా తీశాను. పొరపాటు నాది."

"మీకు ముందుగాలనే తెల్సా?"

"తీసేటప్పుడు తెలియదు. నువ్వు రెండోసారి వచ్చి అడిగినప్పుడు తెలుసు. చెప్పలేదు."

ఆయన నాలుక ఆ ఖాళీలోకి వెళ్ళడం బుగ్గ మీంచి కనిపించింది. గెడ భుజాన వేసుకుని తర్వాతి చెట్టు దగ్గరికి పోయాడు. ముత్తమ్మ తలెత్తకుండా పండ్లు ఏరుతూనే ఉంది. నేను స్కూటీ తీసుకుని వచ్చేశాను.

నెల రోజులు వాళ్ళ జాడ లేదు. ఆ తోట నుంచి వచ్చే మిగతావాళ్ళు కూడా తగ్గారు. కారణం ఊహించగలిగాను. ఎవరినీ అడగలేదు.

ఒక సంత రోజు ముత్తమ్మ ఒక్కతే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"ముక్కు ఆపరేషనైతే ఎన్ని దినాలు చెట్టు కాడికి పోవద్దు?"

"రెండు మూడు వారాలు బరువు పని వద్దంటారు. అక్కా, అన్నకు నా మీద కోపం పోయిందా?"

"ఏడ పోయింది? మంచి పన్ను పీకిందని తోటంత చెప్పిండు" అంది మొహమాటం లేకుండా. "కోపం పోలే, నొప్పి గూడ పోలే. గందుకే వచ్చిన. ఎప్పుడు పోవాలె, ఎవర్ని కలవాలె, జల్దీ చెప్పండి."

ఒకరోజు క్లినిక్ మూసి వాళ్ళతో నేనూ ఖమ్మం వెళ్ళాను. బస్సులో భద్రయ్య నాతో మాట్లాడలేదు. ఈఎన్‌టీ డాక్టరు సన్నటి గొట్టం కెమెరా ముక్కులోకి పంపి తెర మీద చూపించాడు. కుడివైపు ద్రాక్ష గుత్తిలా పాలిప్స్. వాటినే జనం ముక్కులో కండ అంటారు. మధ్య గోడ కూడా వంకర. "ఇన్నేళ్ళు ఎట్లా ఉన్నావయ్యా?" అని డాక్టరు అడిగితే, "అందరికి గిట్లనే ఉంటదనుకున్న" అన్నాడు భద్రయ్య. డాక్టరు ఆపరేషన్‌కు తేదీ రాసిచ్చాడు.

ఆపరేషన్ అయింది. ముక్కు తెరుచుకోగానే దవడ బాగుపడిపోలేదు. ఇన్నేళ్ళ అలవాటును శరీరం అంత తేలిగ్గా వదలదు. వారం వారం వచ్చేవాడు. పెదాలు మూసి, పళ్ళు ఒకదానికొకటి తగలనివ్వకుండా, నాలుక కొస అంగిలికి ఆనించి ఉంచడం నేర్పాను. గోడకు ఆని గడ్డాన్ని లోపలికి తీసుకుని పది లెక్కపెట్టడం నేర్పాను. మొదటి రోజు అది చేసి, "మెడ ఎనక ఎవరో తాడు పట్టి గుంజుతాన్రు" అన్నాడు. మళ్ళీ నాతో మాట్లాడటం అక్కడే మొదలైంది. నైట్ గార్డ్ ఈసారి పీకి పారేయకుండా పెట్టుకున్నాడు.

పనిలో మార్పు మాత్రం నేను చెప్పింది కాదు, ఆయన కనిపెట్టిందే. చెట్టు మొదట్లో కాకుండా మూడడుగులు వెనక్కి నిలబడి గెడను ఏటవాలుగా పంపితే తల అంతగా వాల్చే పని లేదు. పైగా గెల మీద పడే భయం కూడా తక్కువ. "చూసేది కండ్లు గద మేడం, మెడ ఎందుకు?" అన్నాడు.

ఎండాకాలం మొదట్లో ఒక రోజు ఏ నొప్పీ లేకుండానే వచ్చి కూర్చున్నాడు. తెల్లారి ముత్తమ్మతో అడవిలోకి ఇప్పపూలు ఏరడానికి పోయాడట. "చెట్టు కనపడకముందే వాసనొచ్చింది మేడం. చిన్నప్పుడు మా అమ్మ వెంబడి పోయినప్పటి వాసన. ఉన్నకాడనే నిలబడ్డ. ఏమైందని ఈమె భయపడ్డది" అని చెప్పాడు. నోరు తెరవమన్నాను. మూడు వేళ్ళు నిలువుగా పట్టాయి. 'టక్' మన్న శబ్దం ఇంకా ఉంది. బహుశా ఉండిపోతుంది. నొప్పి లేదు.

పోయిన పన్ను చోట కొత్తది కట్టిస్తానన్నాను. "చూద్దాం తీయండి" అన్నాడు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాత నా కేస్ షీట్‌లో రెండు ప్రశ్నలు చేర్చాను. ఊపిరి ముక్కుతోనా, నోటితోనా? పనిచేసేటప్పుడు తల ఎటు ఉంటుంది? కుట్టుమిషను మీద వంగే ఆడవాళ్ళు, ఫోను మీద వంగే కాలేజీ పిల్లలు, లారీ డ్రైవర్లు జవాబు చెబుతూ తమ మెడలను తామే సరిచేసుకుంటారు. పన్ను పీకే ముందు ఆ రెండు నిమిషాల పరీక్ష ఎంతమంది ఎదురుచూస్తున్నా మానను. ఇది ఈ కేసు నేర్పిన వైద్యం.

ఇంకొకటి కూడా నేర్పింది. అది చెప్పడం కష్టం. తోటలో ఆ రోజు నా తప్పు ఒప్పుకున్నానని గొప్పగా చెప్పుకోవాలనిపిస్తుంది. కానీ ఆయన రెండోసారి వచ్చి "మరి ఆ పన్ను?" అని అడిగినప్పుడు ఒప్పుకోలేదు. తోటలో చెప్పడానికి కూడా ఆయన ఖమ్మం వెళ్ళాలన్న అవసరం నన్ను నెట్టింది. ముత్తమ్మ మళ్ళీ నా గుమ్మం తొక్కకపోయి ఉంటే ఇదంతా రాసేదాన్నా? తెలియదు. బాగుపడిన మనిషి కథలో తప్పు ఒప్పుకోవడం నాకు తేలికైంది. బాగుపడనివాళ్ళు ఎవరైనా ఉండి ఉంటే, వాళ్ళు మళ్ళీ నా దగ్గరికి రాలేదు కాబట్టి వాళ్ళెవరో నాకు తెలియదు.