ఒక్కరే సరిగ్గా వాయించారు

నొటేషన్ రాయడం వస్తే సంగీతం వచ్చేసినట్టేనని నమ్మిన మూర్ఖుణ్ని నేను. పందొమ్మిది వందల యాభైల్లో మద్రాసులో ఒక సినిమా స్టూడియోలో నాకు ఆ రాసే ఉద్యోగమే. ఫిడేళ్ల వరసలో చివరన చింతాద్రిపేట పెద్దాయన ఒకరు కూర్చునేవారు. ఆయనకు నొటేషన్ చదవడం రాదు. ఆ సంగతి మ్యూజిక్ డైరెక్టరుకు తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. అందుకని రికార్డింగుకు ముందు నన్ను మెట్ల కిందికి లాక్కెళ్లి, "ఒక తూరి పాడు నాయనా, సాలు" అనేవారు. కళ్లు మూసుకుని, చెవి తమ్మె పట్టుకుని వినేవారు. రెండో తూరి ఎప్పుడూ అడగలేదు.

ఒకరోజు ఆయనకు సరిగ్గానే పాడాను గానీ, కాగితం మీద ఒక స్వరం తప్పు రాశాను. పదకొండు ఫిడేళ్లు నా తప్పును భక్తిగా వాయించాయి. ఆయన ఒక్కరే ఒప్పు వాయించారు.

డైరెక్టరు తను కట్టిన బాణీని మరిచి నా కాగితాన్నే నమ్మాడు. "ఏమయ్యా, ఎదురుగా ఉన్నది చదవలేవా?"

పెద్దాయన నా వైపు తిరిగారు. "నువ్వు పాడింది ఇదే కదా నాయనా?"

నేను తల వంచుకుని పెన్సిలు చెక్కుతూ కూర్చున్నాను. ఆ పూటే ఆయన్ను ఇంటికి పంపేశారు. స్వరం తప్పింది నేను, స్థానం పోయింది ఆయనకు. ఏడాది తిరక్కుండా క్షయతో పోయారు. ఫిడేలు అంతకు ముందే అమ్మేశారట.

ఆ పాట ఊరంతా మోగింది. డైరెక్టరుకు సన్మానం చేస్తూ నన్నూ రెండు ముక్కలు మాట్లాడమన్నారు. మైకు ముందు ఆ పల్లవిని రెండు రకాలుగా పాడాను.

"మీరు మెచ్చుకున్నది నా తప్పును. ఒప్పు వాయించినాయన్ను ఈయన ఇంటికి పంపారు. నేను నోరు మూసుకున్నాను" అని చెప్పి దిగిపోయాను. చప్పట్లు పడలేదు.